పర్సుడీహ్ పచ్చనీళ్ళ చెరువులు

మురుగునీళ్ళు చూసి రావడానికి రైలెక్కినవాళ్ళు మన వైపు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేను ఎక్కాను. ఎనభైల మొదట్లో, భాద్రపదం వానలు ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గని రోజుల్లో.

మాది నరసన్నపేట దగ్గర నేతపనివాళ్ళ కాలనీ. ప్రభుత్వం వరసగా ఇళ్ళు కట్టించింది, ఇంటింటికీ మరుగుదొడ్డి ఇచ్చింది. ఆ నీళ్ళు ఎటు పోవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అవి కాలనీ వెనక పల్లంలో నిలిచిపోయేవి. వానాకాలం వస్తే బోరింగు చుట్టూ కూడా అవే. పిల్లలకి పచ్చకామెర్లు వచ్చాయి. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను, పంచాయతీలో సభ్యురాలిని కూడా. బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన ఓవర్సీయరు పల్లానికి అవతల మూడు చెరువులు తవ్వి, మురుగుని ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నెమ్మదిగా పారనిస్తే చాలు, మిగతా పని ఎండ చూసుకుంటుందన్నాడు. సగం కాలనీ నవ్వింది. కంపు పోవడానికి కంపు చెరువు తవ్వుతారా అన్నారు.

ఆ సమయానికి మా చిన్నాన్న ఓ పెళ్ళికి ఊరొచ్చాడు. ఆయన జంషెడ్పూరులో కాంట్రాక్టు కింద ఫిట్టరు. పర్సుడీహ్‌లో తాముండే కాలనీకి అలాంటి చెరువులే ఉన్నాయని, వాటి గట్టు మీద తాను రోజూ పొద్దున్న నడుస్తానని చెప్పాడు. పంచాయతీలో అందరూ నా వైపు చూశారు. "మీరెళ్ళి చూసి రండి. మీరు మంచిదంటే తవ్వుదాం, కాదంటే మానేద్దాం" అన్నారు ప్రెసిడెంటు గారు. ఇంట్లో మా ఆయన మాత్రం, "తీర్థయాత్రకెళ్ళి గంగాజలం తెస్తారు, నువ్వేం తెస్తావో" అన్నారు.

ఖర్గపూర్

ఆమదాలవలసలో ఎక్కి ఖర్గపూర్‌లో దిగి బండి మారాలి. ఆ ప్లాట్‌ఫారం పొడవు గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను. వాన కురుస్తుండగా ఆ చివరి నుంచి ఈ చివరికి పెట్టె మోసుకుంటూ నడిచాక ఆ గొప్ప అర్థమైంది. టీ మట్టి ముంతలో ఇచ్చారు. తాగి ముంత పట్టాల మీదకి విసిరేయాలట. నాకు చెయ్యి రాక కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

నా పక్కన ఎండుచేపల గంపతో నీలమ్మ అనే ఆవిడ కూర్చుంది. భావనపాడు మనిషి. నెలకోసారి టాటా, అంటే జంషెడ్పూరు, వెళ్ళి తెలుగువాళ్ళ బస్తీల్లో నెత్తళ్ళు, సావడాయలు అమ్ముతుంది. అక్కడి తెలుగువాళ్ళు బియ్యం ఎక్కడివైనా తింటారు గానీ ఎండుచేపలు మాత్రం మన సముద్రానివే కావాలంటారట.

"నువ్వేటి పనిమీదమ్మా?" అని అడిగింది.

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "మంచి పనే. మా పేటలో అయితే దొడ్డే లేదు, ఇంక నీలెక్కడివి" అంది.

బండి మారే హడావిడిలో కూలీవాడు నీలమ్మ గంపని నా పరుపుచుట్ట మీద పెట్టాడు. గంప అడుగు వానకి తడిసి ఉంది. టాటానగర్ చేరేసరికి నా దుప్పటి, తలగడ, మార్చుకోడానికి అందులో చుట్టిన చీర, అన్నీ చేపల నీళ్ళతో తడిసిపోయాయి. నీలమ్మ మొహం చిన్నబుచ్చుకుని ఓ దోసెడు నెత్తళ్ళు కాగితంలో చుట్టి ఇచ్చింది. వద్దంటే ఊరుకోలేదు.

పర్సుడీహ్

స్టేషనుకి చిన్నాన్న వచ్చాడు. పర్సుడీహ్ అక్కడికి దగ్గరే. దారంతా బజారు, సైకిళ్ళు, పొట్లకాయలు, మేకలు, బొగ్గు బస్తాలు. రిక్షావాడితో చిన్నాన్న హిందీలో బేరమాడి, నా వైపు తిరిగి మన యాసలో మాట్లాడి, దారిలో కనిపించిన ఓ ఒడియా ఆయన్ని ఆయన భాషలో పలకరించాడు. ఏ మాటకీ తడుముకోలేదు. మా ఊళ్ళో చిన్నాన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

కాలనీ మలుపు తిరగ్గానే గుప్పున వాసన వేసింది. నాకు సిగ్గేసింది. ఇంట్లో అడుగుపెడుతూనే, "పిన్నీ, ఈ పరుపు ముందు బయట పడెయ్యాలి, చేపల నీళ్ళు పడ్డాయి" అన్నాను.

పిన్ని పరుపు దగ్గరకి వంగి వాసన చూసింది. "ఇది నెత్తల్ల వాసన. నీకు తగిలింది ఇది కాదు" అంది. పరుపు పక్కకి తోసి, "నాలుగు రోజులై ఇలాగే ఉంది. సెరువు కంపు" అంది.

చిన్నాన్న తువ్వాలు కోసమన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూట పిన్ని ఆవపెట్టిన అరటికాయ కూర, నీలమ్మ ఇచ్చిన నెత్తళ్ళ పులుసు వడ్డించింది. వాళ్ళమ్మాయి లతని మంచినీళ్ళు తెమ్మంటే "లా రహీ హూఁ" అంటూ తెచ్చింది. తల్లి తెలుగు, కూతురు హిందీ. ఇద్దరికీ అది వింత కాదు. ఊరి అవతల ఫౌండ్రీల వైపు ఆకాశం కాసేపు ఎర్రబడి చల్లారింది. కిటికీ తీద్దామని లేచి, వాసన గుర్తొచ్చి కూర్చున్నాను. ఇంత దూరం రైలెక్కి వచ్చింది దీనికోసమా అనిపించింది.

చెరువుల గట్టు

మర్నాడు పొద్దున్న దాలయ్య గారిని కలిశాను. రైల్వేలో పంపు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. కాలనీ సొసైటీకి సెక్రటరీ. ఈ చెరువులు తవ్వించినప్పుడు ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించింది ఆయనే. కంపు రాదని ఆ రోజు మాట ఇచ్చిందీ ఆయనే. నేనెందుకొచ్చానో చిన్నాన్న ముందే చెప్పినట్టున్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం ముడుచుకుంది.

"పోయిన నెల్లో రావలసింది టీచరమ్మా. అద్దంలాగుండేది" అన్నారు.

చెరువులంటే మన చెరువులు కావు. పెద్ద పొలం మడంత గుంటలు మూడు, పక్కపక్కన. గట్లకి రాళ్ళు పేర్చి గడ్డి లేకుండా చెక్కేశారు. గడ్డి నీళ్ళలోకి వంగితే దోమలు గుడ్లు పెడతాయట. కాలనీ ఇళ్ళ మురుగంతా ఒక గొట్టంలోంచి మొదటి దాంట్లో పడుతుంది. అక్కడ మడ్డి అడుక్కి చేరుతుంది. పైన నాచు పెరుగుతుంది. ఆ నాచు ఎండ తాగి ప్రాణవాయువు వదిలితే, దాన్ని పీల్చుకుని కంటికి కనపడని పురుగు మురుగుని తినేస్తుంది. అక్కడి నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి మూడోదానికి. ప్రతిచోటా నీరు రోజుల తరబడి ఎండలో నిలబడుతుంది. మోటారు లేదు, మందు లేదు. నేను తరగతిలో నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పే పాఠమే. అది ఇంత పెద్దగా, ఇంత ఊరికే జరిగిపోతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మూడో చెరువు నీరు లేత పచ్చగా, చల్లగా ఉంది. దాని కింద బంతితోట. యంత్రాలకి చేసే విశ్వకర్మ పూజ దగ్గరపడుతోందని కోయకుండా ఉంచిన పూలు విరగబూసి ఉన్నాయి. వాసన లేదు. రెండోది ముదురు పచ్చ. మొదటి చెరువు దగ్గరికి వచ్చేసరికి నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. నీరు నల్లగా, అక్కడక్కడ బూడిదరంగు తెట్టుతో ఉంది. అడుగు నుంచి బుడగలు వస్తున్నాయి. కుళ్ళిన గుడ్ల కంపు, దానికింద ఇంకేదో పులిసిన వాసన.

"మబ్బులు. వారం బట్టీ ఎండ లేదు కదా" అన్నారు దాలయ్య గారు. "ఎండ కాత్తే అదే సర్దుకుంటాది."

మబ్బు పడితే నాచు నీరసిస్తుందన్నది నిజమే. కానీ ఇన్ని వానాకాలాలు గడిచాయి కదా, ఇంతకుముందెప్పుడైనా ఇలా అయిందా అని అడిగాను. ఆయన అప్పటికే వెనక్కి తిరిగారు. మేము గట్టు దిగుతుండగా ఇద్దరు ఆడవాళ్ళు ఎదురై, "దాలయ్య గారూ, అన్నం తినలేకపోతన్నాం. ఎప్పుడు పూడిపిత్తారు ఈ గోతుల్ని?" అని నిలదీశారు. ఆదివారం సొసైటీ మీటింగులో అదే అడుగుతామన్నారు. ఆయన తల వంచుకుని నడిచారు.

పూడ్చేస్తారేమోనన్న మాట విన్నాక, ఊరికి వెళ్ళి వద్దనే చెప్పాలని నాకు దాదాపు తేలిపోయింది.

సిద్ధగోరా

శనివారం పిన్ని నన్ను వాళ్ళక్కయ్య గారింటికి సిద్ధగోరా తీసుకెళ్ళింది. టెంపోలో అగ్రికో మీదుగా పోయాం. కంపెనీ క్వార్టర్లు, చెట్లు, తీర్చినట్టున్న రోడ్లు. ఎక్కడా మురుగు కనిపించలేదు. ఇక్కడి నీళ్ళు ఎటు పోతాయని పిన్నిని అడిగాను. "కంపెనీ సూసుకుంటాది. మాకెవుడు సూత్తాడు, అందుకే మేం తవ్వుకున్నాం" అంది.

వాళ్ళక్కయ్య మాకు ఉప్మా పెట్టి, తర్వాత గిన్నెలో రసగుల్లాలు తెచ్చింది. మా నరసన్నపేటలో అలాంటివి దొరకవు. నోట్లో పెట్టుకుంటే స్పంజిలా నలిగి పాకం ఊరింది. ఇంకోటి తీసుకున్నాను. ఏ దుకాణానివని అడిగాను.

"మీ పర్సుడీహ్‌వే కదా. దండాసి గారివి" అంది ఆవిడ. "విశ్వకర్మ పూజకి ఈసారి ఫేక్టరీలోల్లు అందరూ ఆయనకే ఆర్డరిచ్చినారట. దుకాణం సాలక మీ కాలనీలో ఖాళీ షెడ్డు తీసుకుని చేయిత్తన్నాడు. మీకు తెలీదేటి?"

పిన్ని చేతిలో రసగుల్లా సగంలో ఆగిపోయింది. "ఇన్ని పాలు ఇరగ్గొడితే ఆ ఇరుగునీలు ఏటి సేత్తన్నాడో" అంది నెమ్మదిగా.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ పులిసిన వాసన ఎక్కడిదో నాకు అప్పుడు తట్టింది. విరుగునీళ్ళు చూడడానికి మజ్జిగ తేటలా ఉంటాయి. కానీ మురుగుని తినే పురుగుకి అవి మురుగు కంటే బలమైన తిండి. ఒక్కసారిగా అంత తిండి పడేస్తే నీళ్ళలో ఉన్న ప్రాణవాయువంతా అయిపోయి చెరువు ఊపిరాడక కుళ్ళుతుంది. పైగా మబ్బు. దాలయ్య గారు చెప్పింది సగం నిజం.

టెంపోలో తిరిగొస్తూ పిన్ని అసలు సంగతి చెప్పింది. దండాసి గారు దాలయ్య గారి వియ్యంకుడు. ఆ షెడ్డు ఇప్పించింది దాలయ్య గారే.

షెడ్డులో

టెంపో దిగి ఇద్దరం నేరుగా ఆ షెడ్డుకే వెళ్ళాం. దండాసి గారిది ఇచ్ఛాపురం అవతల. తెలుగు, ఒడియా కలిపి మాట్లాడతారు. మమ్మల్ని చూసి సంతోషపడి, "ఆంధ్రా నుంచి వచ్చినారా? బొసొ, బొసొ" అని స్టూలు జరిపారు. బాణళ్ళలో పాలు మరుగుతున్నాయి. పనివాళ్ళు విరిగిన పాలు గుడ్డల్లో కట్టి వేలాడదీస్తున్నారు. కింద పసుపుపచ్చని విరుగునీరు సిమెంటు గచ్చు మీదుగా పారి, మూలనున్న కన్నంలోంచి కాలువలోకి పోతోంది. ఆయనకి ఏ పాపం తెలియదు. పాలనీళ్ళే కదా, మంచివే కదా అన్నారు.

నేను దాలయ్య గారింటికి వెళ్ళి నాకు తోచింది చెప్పాను. లోపల కోడలు సుశీల బియ్యం ఏరుతోంది. దండాసి గారి కూతురు. వింటూనే ఉంది.

"రేపు మీటింగులో సెప్తారేటి?" అని అడిగారు ఆయన.

"నేను బయటిదాన్ని. మీటింగులో నాకేం పని" అన్నాను.

ఆదివారం సొసైటీ ఆఫీసు ముందు అందరూ చేరారు. కొందరు తెలుగులో, కొందరు హిందీలో అరిచారు. గోతులు పూడ్చాలన్నవాళ్ళే ఎక్కువ. దాలయ్య గారు లేచి నిలబడ్డారు.

"తప్పు సెరువుది కాదు. మా బావగారి షెడ్డులో పాలనీలు కాలవలో పోతన్నాయి. షెడ్డు ఇప్పించినోన్ని నేను. ఈ పూట నుంచి ఆ కన్నం మూసేత్తన్నాను" అన్నారు.

దండాసి గారు జనంలో ఉన్నారు. ఆయన మొహం పాలిపోయింది. "పూజ రెండ్రోజుల్లో ఉంది బావగారూ. పాలు వచ్చేసినాయి. నీలు ఎక్కడ పొయ్యమంటారు, నా నెత్తిమీదా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నా కూతురు మీ ఇంట్లోనే ఉంది" అన్నారు.

దాలయ్య గారు కదల్లేదు. మూసేస్తానన్న మాట వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు సుశీల వెనక నుంచి మాట్లాడింది. తల మీద కొంగు సర్దుకుని తండ్రి వైపు చూస్తూ అంది. "నాన్నా, నా ఊసు ఇందులోకెందుకు? బజారు ఎనక ఖటాలుంది కదా. పాలనీలు గేదెలకి తవుడులో కలిపి పోత్తారు. అడిగితే డబ్బాల్లో పట్టుకుపోతారు."

ఖటాలంటే గొడ్ల సావిడి. అక్కడి పాలే ఊరంతా పోస్తారు. మీటింగు ముగియకుండానే సుశీల, పిన్ని, నేను అక్కడికి వెళ్ళాం. ఖటాలు యజమాని యాదవ్ ముసలాయన విరుగునీళ్ళు ఎంతున్నా తెమ్మన్నాడు. సాయంత్రానికల్లా ఎడ్లబండి మీద డ్రమ్ములు వచ్చాయి. దండాసి గారు పనివాళ్ళతో తానే డ్రమ్ములు నింపించారు. కన్నానికి దాలయ్య గారు తాపీతో సిమెంటు కొట్టారు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

పూజ రోజు

కాలువ మూయడంతో పని అయిపోలేదు. కుళ్ళిన చెరువుకి మళ్ళీ నాచు పట్టాలి. మూడో చెరువు పచ్చనీళ్ళని డీజిలు పంపుతో ఎత్తి మొదటిదాంట్లో పోస్తే త్వరగా అంటుకుంటుందని దాలయ్య గారు అన్నారు. పెరుగు తోడుపెట్టడం లాంటిదే. నాకూ సబబుగానే అనిపించింది. సోమవారమంతా పంపు ఆడింది.

మంగళవారం విశ్వకర్మ పూజ. మన వైపు ఆయుధపూజ ఎలాగో అక్కడ ఇది అలాగ, కాకపోతే పది రెట్లు. లారీలు, లేత్ మిషన్లు, సైకిళ్ళు, ఆఖరికి ఇస్త్రీపెట్టెలు కూడా కడిగి బొట్లు పెట్టి దండలు వేశారు. ఆ రోజు ఏ యంత్రాన్నీ నడపరు. పంపు ఆపాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. చిన్నాన్న ఆపాలన్నాడు. దాలయ్య గారు పంపుకి పసుపు రాసి, బంతిదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, కాసేపు దణ్ణం పెట్టుకుని నిలబడ్డారు. తర్వాత హేండిలు తిప్పి స్టార్ట్ చేసేశారు. "ఆ సామికి మాత్రం ఈ కంపు ఇష్టమా ఏటి" అన్నారు.

మధ్యాహ్నం మబ్బు విడి ఎండ కాసింది. గట్టు మీద పిల్లలు గాలిపటాలు ఎగరేశారు. దండాసి గారి నుంచి మిఠాయి పొట్లం వచ్చింది. సుశీల దాన్ని మామగారి పక్కన పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా దాన్ని ఎవరూ విప్పలేదు. దీపాలు పెట్టే వేళకి నేను సెలవు చెప్పడానికి వెళ్తే, ఆయన పొట్లం విప్పి ముందు నా చేతిలో ఒక రసగుల్లా పెట్టి, తర్వాత తానొకటి తీసుకున్నారు.

"బాగా సేత్తాడు మా బావ" అన్నారు.

మర్నాడు బయల్దేరేముందు మొదటి చెరువు మరోసారి చూశాను. పచ్చబడలేదు. నలుపు పోయి ముదురు గోధుమరంగుకి వచ్చింది. గొట్టానికి దూరంగా, ఎండ బాగా తగిలే మూల మాత్రం చాపంత మేర పచ్చదనం తేలింది. కంపు తగ్గింది, పోలేదు.

"మంచిరోజుల్లో రాలేదు నువ్వు" అన్నారు దాలయ్య గారు. "ఊర్లో ఏటి సెప్తావు?"

"చూసింది చెప్తాను."

"కంపు సంగతి కూడానా?"

"కూడా."

ఆయన నీళ్ళ వైపు తిరిగారు. "సెప్పు. ఎందుకొచ్చిందో కూడా సెప్పు" అన్నారు.

ఇంటికొచ్చాక

పంచాయతీ మీటింగు కాలనీలోనే పెట్టారు. చూసిందంతా చెప్పాను. కంపు రాదని నేను అనలేదు. చూసుకోకపోతే వస్తుందని చెప్పాను. అక్కడ పాలనీళ్ళు చేసిన పని ఇక్కడ మన రంగుతొట్లు చేస్తాయని, రంగునీళ్ళు పడితే చెరువులో ఎండే దిగదని, కాబట్టి అద్దకం నీళ్ళకి వేరే గుంట ఉండాలని, ఒక్క చెంబు కూడా మురుగుకాలువలో పోయకూడదని చెప్పాను.

కాలనీలో ఎక్కువ నూలు అద్దేది పోలమ్మ. ముసలావిడ. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగా ఉంటాయి. ఆవిడకి కోపం వచ్చింది.

"అందరి నీలూ పోవచ్చు గానీ నా నీలే పోకూడదా?" అంది.

"పోకూడదు పోలమ్మా" అన్నాను. "నీ గుంట తవ్వాకే చెరువులు తవ్వుదాం."

"రేపు కంపు కొడితే ఎవుల్ని అడగాల?"

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు.

"నన్నడుగు" అన్నాను.

ఆ వేసవిలో ముందు పోలమ్మ గుంట, తర్వాత చెరువులు తవ్వారు. మొదటి వానాకాలం ఏ గొడవా లేకుండా గడిచింది. రెండో ఏడు ముసురు పట్టిన ఓ పొద్దున్న, నేను బడికి తయారవుతుంటే తలుపు కొట్టిన చప్పుడైంది. పోలమ్మ. గోనెపట్టా కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మొదటి సెరువు ఎర్రగా ఉంది. నాది కాదు, నేను ఎరుపు అద్ది నెలైంది" అంది. "ఎవులిదో నాకు తెలుసు. నా తమ్ముడి కొడుకుది. రా, ఇద్దరం ఎల్లి అడుగుదాం."

నేను గొడుగు తీసుకుని ఆవిడ వెనక నడిచాను.